గోడ మీద రేపటి మనుషులు

మొన్న గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీలో చదివే మా మనవరాలు ఫోన్ చేసి, "తాతయ్యా, ఆఫ్రోఫ్యూచరిజం మీద సెమినార్ ఇవ్వాలి, నువ్వు నైజీరియాలో లెక్కలు చెప్పావుగా, కాస్త చెప్పవూ?" అని అడిగిన దగ్గర్నుంచి బందరులో ఈ ఇంట్లో నాకు కాలు నిలవడం లేదు. ఆ మాట వినడం అదే మొదలు. దాని వెనకున్న సంగతి మాత్రం పడుచువయసులోనే కళ్లారా చూశాను.

దివిసీమ ఉప్పెనలో మా పెద్దక్కా బావా పిల్లలూ పోయాక, ఆ నేల వంక చూడలేక, మేష్టర్లు కావాలన్న ప్రకటన పట్టుకుని అంత దూరం పారిపోయాను. అక్కడ మా బడి డ్రాయింగు టీచరమ్మ గోడ నిండా ఒక బొమ్మ వేస్తుండేది. వందేళ్ల తర్వాత వాళ్ల ఊరు అలా ఉంటుందట! చుక్కల్లోంచి దిగిన ఓడలోంచి సంతలో అమ్ముకునే ఆడవాళ్లు, అచ్చం వాళ్ల అమ్మమ్మల తలగుడ్డలతోనే, నెత్తిన టమాటా గంపలతో కబుర్లాడుకుంటూ వస్తున్నారు. రాకెట్టులో గంపలేమిటని నేను నవ్వితే ఆవిడ నొచ్చుకోలేదు. తమవాళ్లను బానిసలుగా ఓడలెక్కించి తీసుకుపోయి పేర్లూ భాషా లాగేసుకున్నారనీ, అమెరికాలో పుట్టిన వాళ్ల సంతతి, వెనక్కి వెళ్లే దారి తెలియక, మేం చుక్కల్లోంచి వచ్చినవాళ్లమని జాజ్ సంగీతంలో చెప్పుకోసాగారనీ, తర్వాత కథల్లోనూ తమ మనుషుల్నే గ్రహాలకు పంపారనీ, ఎదుటివాళ్లు గీసే రేపట్లో మనం లేనప్పుడు మనమే గీసుకోవాలనీ చెప్పింది.

చెప్పి, కుంచె నా చేతికిచ్చి, వందేళ్ల తర్వాతి మీ ఊరు గీయమంది. నేను సముద్రం వేశాను. కాసేపు చూసి, "ఇందులో మీవాళ్లేరీ?" అంది. కుంచె అక్కడే పెట్టి వచ్చేశాను.

ఆ ధోరణికి ఆఫ్రోఫ్యూచరిజమని పేరు పెట్టింది ఆ తర్వాత చాలా ఏళ్లకేననీ, ఇప్పుడది సినిమాలకెక్కి ప్రపంచమంతా తిరుగుతోందనీ మనవరాలే చదివి నాకు చెప్పింది. సంతోషమే, కానీ మనసు ఊరుకోదే! గతం పోగొట్టుకున్న ఆ జనం రేపటిని గట్టిగా పట్టుకున్నారు. మనమో, నా ఈడు వాళ్లం ఏ నలుగురం కలిసినా ఉప్పెనకు ముందటి ఊరే మాట్లాడుకుంటాం. దివిసీమలో మళ్లీ ఇళ్లు లేచాయి, వరి పండుతోంది, గట్ల మీద కొత్త పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. అక్క వాకిట్లో ఏ మూల ఏ చెట్టుండేదో ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్పగలను. ఈ పిల్లల మనవలు అక్కడే ఉంటారా, ఏం కట్టుకుంటారు, ఏం పాడుకుంటారు అని ఊహించుకోవడానికి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కనాడూ నాకు ధైర్యం చాలలేదు.