గంట తాత మీద మేం చేసిన ఉద్యమం

ఉద్యోగం కొత్త, మీసం కొత్త, కోపం మరీ కొత్తగా ఉన్న ఆ రోజుల్లో నాకు అర్జెంటుగా ఒక ఉద్యమం కావాల్సి వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ అంచున ఉన్న మా గరాచర్మలో ఉద్యమానికి సరిపడా అన్యాయం దొరకడం కష్టంగా ఉండేది. బస్సు ఆలస్యంగా వచ్చేది, కానీ దాని డ్రైవరు మా బాబాయే. ఎండాకాలం కుళాయి నీళ్ళు సరిగ్గా వచ్చేవి కావు, కానీ వానలు పడకపోతే ఎవరిని నిలదీస్తాం? (ఒకసారి ఆకాశాన్ని తిట్టి చూశాను, తృప్తి కలగలేదు.) చివరికి నేను వెతుకుతున్న అన్యాయం మా ఎదురింటి వసారాలోనే, కళ్ళజోడు పెట్టుకుని, పడక కుర్చీలో కూర్చుని కనిపించింది. దాన్ని వీధి వీధంతా గంట తాత అని పిలిచేది.

గంట తాత మా కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. జెట్టీలో పనిచేసి రిటైరయ్యాడు, వస్తూ వస్తూ తుక్కుకింద విప్పేసిన ఏదో పాత ఓడ తాలూకు గంటను తెచ్చి గేటు స్తంభానికి వేలాడదీశాడు. కుళాయి నీళ్ళు వస్తే గంట, మీటింగుంటే గంట. రూల్సంటే ఆయనకు ప్రాణం. గేట్లన్నిటికీ పచ్చరంగే వేయాలి. ఎవరి కోళ్ళు వాళ్ళ పెరట్లోనే తిరగాలి. మా ఇంటికైతే ప్రత్యేకంగా ఒక రూలు. మేం శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన చేపలవాళ్ళం. అమ్మ డాబా మీద మెత్తళ్ళు ఎండబెట్టేది, ఆ గాలి నేరుగా పక్కనున్న తెలుగు ప్రార్థన మందిరం కిటికీల్లోకి వెళ్ళేది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ప్రార్థనకొచ్చినవాళ్ళకు మధ్యాహ్నం భోజనం గుర్తొచ్చేదట. అందుకని ఆదివారం ఆరాధన అయ్యేదాకా చేపల మీద టార్పాలిన్ కప్పాలి, మిగతా రోజుల్లో ఆ టార్పాలిన్ డాబా మూలనే మడతపెట్టి ఉండాలి. మడత వంకరైతే తాత కింద నుంచే కనిపెట్టేసేవాడు. ఇవి కాక ఏ రూల్లోనూ లేని అలవాటు ఇంకొకటుంది. వాన మబ్బు పట్టిందంటే ఆయన గంటను ఆపకుండా వాయించేవాడు, ఆడవాళ్ళంతా డాబాలెక్కి బట్టలూ చేపలూ దించుకునేవాళ్ళు. దీవుల వాన సంగతి తెలిసిందేగా, తలుపు తట్టి రాదు.

అలాంటి కాలనీకి స్వేచ్ఛ భయ్యా వచ్చాడు. మెయిన్‌లాండ్ మనిషి, జుబ్బా వేసుకునేవాడు, ఇళ్ళవాళ్ళ సంఘాలన్నిటినీ రద్దు చేయించడమే ఆయన జీవితాశయం. "నీ ఇల్లు నీ రాజ్యం సాథీ. నీ రాజ్యంలో ఇంకొకడి హుకుం ఏంటి?" అని అడిగాడు నన్ను. నాకు ఒళ్ళు జలదరించింది. (ఆయన రాజ్యం టీకొట్టు వెనక గదిలో సగం. మిగతా సగం బొగ్గు బస్తాలది. ఇల్లున్నవాళ్ళ హక్కుల కోసం ఇల్లు లేనివాడు ఇంత బాధపడుతున్నాడే అని నాకు కన్నీళ్ళు వచ్చాయి కూడా.) మర్నాటికల్లా నేను గృహ స్వాతంత్ర్య సమితికి కార్యదర్శిని.

ఇంట్లో ఈ కబురు చెబితే అమ్మ మెత్తళ్ళు తిరగేస్తూ, "ఓ పూట కప్పితే మనకేటి నట్టంరా? కప్పితే చేపకి ఊపిరాడదా?" అంది. ఆమెకు అప్పుడు వేరే ధ్యాస ఉంది. పెళ్ళై ఈ దీవులకు వచ్చాక అమ్మ ఒక్కసారి కూడా పుట్టింటి వైపు వెళ్ళలేదు. ఇప్పుడు మా పెద్దమ్మ కూతురి పెళ్ళి. వైజాగు ఓడకు టిక్కెట్టు దొరికింది. పెళ్ళి ముందురోజు బంధువులందరికీ అండమాన్ మెత్తళ్ళ కూర తనే వండిపెడతానని అక్కకు మాటిచ్చింది. ఉత్త చేతుల్తో వెళ్ళడం అమ్మకు చావుతో సమానం. డాబా మీద వల కప్పి, కాకుల్ని తోలుతూ, పిల్లల్ని చూసుకున్నట్టు ఆ చేపల్ని చూసుకుంటోంది. నాకు ఇదంతా తెలుసు, కానీ నేను రాజ్యాల గురించి ఆలోచిస్తున్నాను.

మా సమితి చాలా వేగంగా పనిచేసింది. ముందుగా సభ్యుల గేట్లన్నీ నీలం రంగులోకి మార్చాలని తీర్మానించాం. బాతులు పెంచే మా పిన్ని ఒకామె, "నాకు పచ్చే బాగుంటాది భయ్యా" అంది. స్వేచ్ఛ భయ్యా ఎంతో ఓపికగా, "స్వేచ్ఛగా ఉండాలంటే నీలం వేసుకోవాలి దీదీ" అని వివరించాడు. మీటింగుకు రానివాళ్ళు ముందుగా అనుమతి తీసుకోవాలి. ఉపన్యాసం జరుగుతుండగా రేడియో పెట్టకూడదు. రూల్సుకు వ్యతిరేకంగా మేం పెట్టుకున్న రూల్సు అలా పెరుగుతూ పోయి గంట తాతవాటిని దాటేశాయి. అయితే మావి స్వేచ్ఛ కోసం పెట్టుకున్నవి కనుక బరువనిపించలేదు.

ఆఖరుకు గంట దింపాలని ఊరేగింపుగా వెళ్ళాం. గంట తాత గొడవపడతాడని నేను సమాధానాలు బట్టీపట్టి ఉంచాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "మీకు గోలగా ఉందంటే తీసేస్తాలే బాబూ. ఇంక వాయించను, మాటిస్తున్నా" అన్నాడు. స్టూలు వేసుకుని తనే విప్పి, కుర్చీ కింద పెట్టుకున్నాడు. బట్టీపట్టినవన్నీ వృథా అయినందుకు నాకు కొంచెం కోపం వచ్చింది. ఆ స్తంభం బోసిగా కనిపిస్తే కొంచెం బాధ కూడా వేసింది, కానీ కార్యదర్శులు బాధపడకూడదు.

ఆ వారమే, ఓడ బయల్దేరే ముందు, గంట తాత ఇంటి ఎదురుగా విజయోత్సవ సభ పెట్టాం. అద్దె మైకు, అరువు బల్ల. కొడుకు మైకులో మాట్లాడతాడని అమ్మ జీవితంలో మొదటిసారి చేపల్ని వదిలేసి ముందు వరసలో కూర్చుంది. స్వేచ్ఛ భయ్యా గంటసేపు మాట్లాడి మైకు నాకిచ్చాడు. నేను గొంతు సవరించుకుని ఇళ్ళ చరిత్రంతా చెప్పుకొస్తున్నాను. గంట తాత వసారాలోంచి నన్ను చూస్తాడు, తల పైకెత్తి ఎటో చూస్తాడు, మళ్ళీ నన్ను చూస్తాడు. కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నాడు. నా ప్రసంగం ఆయన మనసును కదిలిస్తోందని నమ్మాను. మరింత ఊపుగా, "ఇకమీదట ఏ గంటా మనల్ని పరిగెత్తించలేదు" అన్నాను.

గంట మోగింది. ఆయన దాన్ని రెండు చేతుల్తో గుండెల మీదికెత్తుకుని, పడక కుర్చీతో సహా ఊగిపోతూ వాయిస్తున్నాడు. నేను తలెత్తి చూస్తే సిప్పీఘాట్ వైపు ఆకాశం నల్లగా దిగిపోతోంది. సభ మొత్తం లేచి పరిగెత్తింది. అందరికంటే ముందు పరిగెత్తింది స్వేచ్ఛ భయ్యా, ఆయన రెండో జుబ్బా టీకొట్టు తాడు మీద ఆరుతోంది. "ఒరే, మెత్తళ్ళురా" అని అమ్మ అరిచిన అరుపుకు నేను మైకు వదిలేసి నిచ్చెనెక్కాను. చినుకులు మొదలయ్యాయి. వల తీసి చేపల్ని గంపలకెత్తే టైము లేదు. అప్పుడు మూలన కనిపించింది టార్పాలిన్, తాత రూలు ప్రకారం మడతపెట్టి. ఒక్క గుంజుకు మొత్తం విచ్చుకుంది. అమ్మా నేనూ చెరోవైపు లాగి కప్పేసరికి వాన విరుచుకుపడింది. కింద గొడుగు పట్టుకుని గంట తాత, "ఆ మూల రాయి పెట్టు బాబూ, ఎగిరిపోతది" అంటున్నాడు. టార్పాలిన్ అంచు మీద కూర్చుని తడిసిపోతూ అమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. చేపలు మాత్రం తడవలేదు. నాకు ఆ క్షణంలో ప్రపంచంలో ఇంకే హక్కూ అక్కర్లేదనిపించింది.

వాన వెలిశాక తాత మా గేటు దగ్గరకొచ్చి, "మాట తప్పాను, ఏమనుకోకు" అన్నాడు. నేనేదో అనబోయేలోగా డాబా వైపు చూసి, "ఎండాక మళ్ళీ సరిగ్గా మడతెయ్యండి" అని వెళ్ళిపోయాడు. అమ్మ చేపలతో సహా ఓడెక్కింది. పెళ్ళిలో ఆ కూర గురించి మా పెద్దమ్మ బతికున్నంతకాలం చెప్పింది. స్వేచ్ఛ భయ్యా మా దగ్గర ఉద్యమం విజయవంతమైందని ప్రకటించి తుష్నాబాద్ వెళ్ళాడు. అక్కడ రద్దు చేయడానికి సంఘమే లేకపోవడంతో, పాపం, ముందు ఒకటి పెట్టించాల్సి వచ్చిందట.

ఇప్పుడు ఆ గంట మా గేటుకే ఉంది. తాత పోయేముందు నాకే ఇచ్చాడు, దాంతోపాటు అధ్యక్ష పదవీ అంటుకుంది. మొన్న కొత్త అపార్ట్‌మెంట్ కుర్రాడొకడు ఫోను ఊపుకుంటూ వచ్చాడు. "నా బాల్కనీలో బట్టలారేసుకోడానికి మీ పర్మిషన్ ఏంటి అంకుల్? యే క్యా బాత్ హై?" అని నిలదీశాడు. బాగా మాట్లాడతాడు, ఆ వయసులో నేను మాట్లాడిన దానికంటే చాలా బాగా. అడ్డుపడకుండా మొత్తం విన్నాను. విని, "అంతా నిజమే బాబూ. ఇప్పుడు బట్టలెక్కడున్నాయి?" అన్నాను. వాడు తలెత్తి సిప్పీఘాట్ వైపు మబ్బును చూశాడు. నేను లేచి గంట దగ్గరకు చేరేలోపే వాడు వీధి మలుపు దాటేశాడు. వెనకనుంచి చూస్తే, చొక్కా ఎగురుతూ, చెప్పు ఒకటి జారిపోతూ, అచ్చం నాలాగే పరిగెత్తాడు.