తగ్గిన నొప్పిని నమ్మని ఆపా

మా ఎదురింటి ఆపా మంగళవారం పొద్దున పోయారు. భవానీపురంలో మా వీధంతా, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా, ఆపా, అంటే అక్కా, అనే పిలిచేవాళ్లం. ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పాలు వాసన చూడందే పొయ్యి మీద పెట్టరు, తేదీ చదవందే మాత్ర మింగరు. నేను పంపిన పులిహోరైనా సరే, ముందు నాలుగు మెతుకులు రుచి చూడాల్సిందే. నాకు ఒళ్లు మండేది. నాదీ అనుమానపు బుద్ధే లెండి, అందుకే ఇంకొకరిది ఓర్చుకోలేను.

తొంభైల్లో సంగతి. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కుడివైపుకి దిగింది. అజీర్తి అనుకుని, మా ఇంట్లో ఎవరికైనా చేసినట్టే ఆముదం పట్టాను. మర్నాడు మధ్యాహ్నం నొప్పి ఒక్కసారిగా పోయింది. నా ఆముదం గొప్పతనం ఆపాకి చెప్పుకున్నాను.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు. మోకాళ్లు ముడుచుకుని పడుకున్న పిల్ల పొట్టను మెల్లగా నొక్కి, చటుక్కున వదిలారు. పిల్ల కెవ్వుమంది.

"తగ్గిన నొప్పిని నేను నమ్మనమ్మా. అపెండిక్స్ పగిలినట్టుంది," అని తాను పనిచేసిన ఆసుపత్రి పేరు చెప్పారు.

నేను కదల్లేదు. కడుపునొప్పని వెళ్తే చాలు, కోసేస్తున్నారని అప్పట్లో ఊరంతా అనుకునేవారు. అక్కడికే ఎందుకు వెళ్లమంటున్నారని మొహం మీదే అడిగేశాను.

"నీకు నమ్మకమున్న చోటికే పద. నన్ను తర్వాత తిట్టుకో."

పంతం కొద్దీ వేరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనా అలాగే నొక్కి, వదిలి, వెంటనే థియేటర్‌కి పంపారు. అపెండిక్స్ పగిలి, పొట్టంతా చీము. కడిగి, ట్యూబు వేశారు. ఆముదం పట్టిందెవరని ఆయన కోపంగా అడిగారు. తెలియక జరిగిందండీ అని ఆపాయే చెప్పారు. ఆ వారమంతా ట్యూబులో వచ్చే రంగు చూస్తూ పిల్ల పక్కనే కూర్చున్నారు. గ్యాస్ పోయిందని తెలిసేదాకా గుక్కెడు నీళ్లు కూడా పట్టనివ్వలేదు. నా బిడ్డ ఆమె అనుమానం వల్లే బతికింది.

సోమవారం గుండెల్లో మంటగా ఉందని ఆపా పడుకున్నారు. సాయంత్రం జావ తీసుకెళ్లాను. మంట ఎలా ఉందని అడిగితే, గోడవైపు తిరిగి, "తగ్గిందమ్మా," అన్నారు.

జావ గిన్నె మంచం పక్కన పెట్టాను. ఆమె రుచి చూడలేదు. నేను నమ్మేసి, తలుపు దగ్గరగా వేసి ఇంటికొచ్చేశాను.