ముడి వేయని ముత్యాలు

మొన్న శనివారం నా మనవరాలు మెడలో ముత్యాల దండ వేసుకుని వచ్చింది. పట్టుకుని చూస్తే రబ్బరులా సాగింది. తెగితే ఏం చేస్తావే అని అడిగాను. "ఇంకోటి ఆర్డర్ చేస్తాను అమ్మమ్మా, నో బిగ్ డీల్" అంది. దానికది చిన్న విషయమే గాని, ఆ మధ్యాహ్నమంతా నాకు ఇంకొక దండ కళ్ళలో మెదులుతూనే ఉంది.

డెబ్బైల చివర మేము అమెరికాలో, షికాగో శివారు నేపర్‌విల్‌కు వచ్చిన కొత్తలో, రోజూ రైలెక్కి షికాగో డౌన్‌టౌన్‌లో ఒక నగల రిపేరు షాపుకు వెళ్ళేదాన్ని. నర్సాపురం వైపు పుట్టి, పలక పట్టకముందే లేసు అల్లిన వేళ్ళు కావడంతో, ఆ షాపు నడిపే ముసలావిడ నన్ను ముత్యాలు గుచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. దారం ఎంచుకోవడమే సగం పని అనేది ఆవిడ. ముత్యం బెజ్జంలో రెండుసార్లు దూరేంత సన్నంగా ఉండాలి, ముడి వేస్తే ఆ ముడి బెజ్జంలోకి జారనంత లావూ ఉండాలి. పట్టుదారమే వాడాలి, అది సాగుతుంది గనుక ముందే బరువు కట్టి వేలాడదీయాలి. ప్రతి ముత్యానికీ పక్కన ఒక ముడి పడాలి. అప్పుడు ఒకదాన్నొకటి ఒరుసుకోవు, దారం తెగినా పడేది ఒక్కటే. నైలాన్ దారం గట్టిదే గాని బిరుసు, దాని ముడి నమ్మడానికి లేదు. ఇదంతా నాకు నోటికి వచ్చు. రాకపోయి ఉంటే బాగుండేది, తెలియక చేశానని ఇవాళ సర్దిచెప్పుకునేదాన్ని.

మా అన్నయ్యావాళ్ళది రెండు వీధుల అవతల ఇల్లు. వదిన దగ్గర వాళ్ళమ్మ ఇచ్చిన ముత్యాల దండ ఒకటుండేది. ఆవిడ పోయాక వదినకు మిగిలిన గుర్తు అదొక్కటే. ఎనభైలు మొదలైన ఏడాదో ఆ మరుసటి ఏడాదో, మా తెలుగు క్రైస్తవుల ఆరాధన మొదలై ఏడాది నిండిన పండుగకు వేసుకుంటానని, దారం మాసిపోయిన ఆ దండను గుచ్చిపెట్టమని నాకిచ్చింది. ఇస్తానన్న రోజు దగ్గర పడింది. సరిపడే పట్టుదారం షాపు నుంచి తెచ్చుకోవడం మరిచాను. వారమంతా అవే ముడులు వేసి వేసి విసిగి ఉన్నాను. మా ఆయన చేపలు పట్టే సామాను పెట్టెలో నైలాన్ దారం కనిపించింది. ఈ ఒక్కసారికే గదా, తర్వాత తీరిగ్గా మళ్ళీ గుచ్చుతాననుకుని, ముత్యాల మధ్య ముడులు లేకుండా అరగంటలో కానిచ్చేశాను. వదిన అద్దంలో చూసుకుని మురిసిపోయింది.

అద్దెకు తీసుకున్న ఒక అమెరికన్ చర్చి కింది హాలులో మధ్యాహ్నం భోజనాలు జరుగుతున్నాయి. తొమ్మిదేళ్ళ మా మేనకోడలు వాళ్ళమ్మ చెవిలో ఏదో చెప్పబోతూ మెడ చుట్టూ చెయ్యి వేసింది. అంతే, దండంతా ఒక్కసారిగా నేల మీద కురిసింది. గౌనుల వాళ్ళూ చీరల వాళ్ళూ, పాస్టరుగారితో సహా అందరం మోకాళ్ళ మీద వంగి వెతికాం. ఏడు ముత్యాలు మాత్రం నేలలోని హీటరు జాలీలో పడి పోయాయి. వదిన అందరిముందూ పిల్లను చెంప మీద కొట్టింది.

"నీ చెయ్యి ఊరుకోదా? మా అమ్మదే అది!"

"నేను పుల్ చెయ్యలే మమ్మీ. జస్ట్ టచ్ చేసా, ప్రామిస్."

ఆ పిల్ల చెప్పింది నిజం. దారం నా కాళ్ళ దగ్గర పడి ఉంది. ఎక్కడా తెగలేదు. కొక్కెం దగ్గర నేను వేసిన ముడే జారి విడిపోయింది. దాన్ని తీసి ఉండచుట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను, నోరు మాత్రం విప్పలేదు. వెళ్ళేముందు వదినే నా దగ్గరికి వచ్చి, "అంత కష్టపడి గుచ్చావు, ఇది పాడుచేసింది, ఏమనుకోకు" అంది. అప్పుడైనా చెప్పవలసింది.

నా తరంవాళ్ళకు తెలుసు, ఆ రోజుల్లో ఇక్కడ మనకున్నవి నాలుగే తెలుగు ఇళ్ళు. వాటిలో ఒక ఇంటితో మాట చెడితే జ్వరమొచ్చినా పలకరించే దిక్కుండదనే భయం. ఆ భయం పేరు చెప్పుకుని నా తప్పును తొమ్మిదేళ్ళ పిల్ల మీదికి తోశాను. మిగిలిన ముత్యాలను పట్టుదారంలో, ముత్యానికో ముడి వేసి మళ్ళీ గుచ్చిచ్చాను. దండ పొట్టిదైపోయింది. వదిన దాన్ని పెట్టెలో పెట్టేసింది, మరి వేసుకోలేదు. మేనకోడలు ఆ తర్వాత వాళ్ళమ్మ మెడ చుట్టూ చెయ్యి వేయడం నేను చూడలేదు.

వదిన పోయిన ఏడాదికి, ఆరాధన అయ్యాక పార్కింగ్ లాట్‌లో తన కారులో కూర్చుని, అప్పటికే తనూ తల్లయిన ఆ మేనకోడలికి అంతా చెప్పాను. స్టార్ట్ చేయబోయిన కారు ఆపేసి నా వైపు తిరిగింది.

"మమ్మీకి చెప్పావా అత్తా?"

లేదన్నాను.

"నాకు తెలుసు నేను లాగలేదని. తెలియంది మమ్మీకే కదా."

కోపంగా అనలేదు. నన్ను ఇంటి దగ్గర దింపి, తలుపు దాకా వచ్చి వెళ్ళింది.

ఇప్పుడు మా ఆరాధనకు సొంత భవనం ఉంది, వందల కుటుంబాలు ఉన్నాయి. పక్క వరసలో కూర్చున్నవాళ్ళ పేరే తెలియదు. మాట చెడుతుందని భయపడేంత దగ్గరివాళ్ళు నాకిప్పుడు ఎవరూ లేరు. ఎవరితోనైనా ఏ నిజమైనా చెప్పేయగలను.