మా సత్తిబాబు దింపిన ఇద్దరు

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో క్యారేజీ మూత తీస్తున్నాను. ఫోన్.

"సత్తిబాబు పోయాడే" అంది అమ్మ.

"ఏ సత్తిబాబు?" అన్నాను. మా వైపు వీధికి నలుగురు సత్తిబాబులు కదా. మావాడని అనుకోవడానికి మనసు ఒప్పుకోలేదు.

"మీ పిన్ని దగ్గరికి బయల్దేరుతున్నాను" అంది అమ్మ.

అప్పుడు అర్థమైంది.

మా పిన్ని కొడుకు. వీర వెంకట సత్యనారాయణ. ఇరవై మూడేళ్ళు. ఆర్మీలో సిపాయి. యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ ఇంటిల్లిపాదీ టీవీకి అతుక్కుపోయే ఉన్నాం. అయినా అలాంటి కబురు మన ఇంటికే వస్తుందని ఎవరనుకుంటారు?

ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పే ఓపిక లేదు. అందుకే ఇక్కడ పోస్టు పెడుతున్నాను. వాడెంతటివాడో మీలో ఎవరికీ తెలియదు. ఈ పొద్దున్న దాకా నాకూ తెలియదు.

బంధువుల్లో వాడికున్న పేరేంటి? తిండిపోతు. పెళ్ళిళ్ళలో మూడో పంక్తిలో కూడా కనపడేవాడు. పదో క్లాసు రెండుసార్లు రాశాడు. కొండంటే వాడికి తెలిసింది అన్నవరం కొండ ఒక్కటే. అదీ మెట్ల మీద కూర్చుంటూ కూర్చుంటూ ఎక్కాడు.

కానీ కొబ్బరి చెట్టు దగ్గర మాత్రం వాడు వేరే మనిషి.

ఊళ్ళో కొబ్బరికాయల దింపు తీసే వీరన్న దగ్గర దొంగచాటుగా నేర్చుకున్నాడు. కాళ్ళకి తాడు బంధం వేసుకున్నాడంటే చూస్తుండగానే చెట్టు చివర మొవ్వులో ఉండేవాడు. రైతు బిడ్డ చెట్టెక్కడమేంటని బాబాయికి నామోషీ.

"దిగరా వెధవా! నలుగురూ చూస్తే నా పరువేంగాను!"

"ఆయ్. దిగుతున్నానండి" అంటూ ఇంకా పైకి పోయేవాడు.

మా పిన్ని వాళ్ళది పెంకుటిల్లు. ఇంటి మీదకి వాలిన చెట్టు నుంచి కాయలు కిందికి విసరకూడదు. గెలకి తాడు కట్టి, ఆ తాడు మట్టకి ఒక చుట్టు తిప్పి, కొంచెం కొంచెంగా వదలాలి. వీరన్నకే ఏడాదికి రెండు పెంకులు పగిలేవి. సత్తిబాబు ఎక్కితే ఒక్కటి పగిలితే ఒట్టు. గెల కదిలే ముందు పైనుంచి ఒకే కేక వేసేవాడు.

"చూస్కోండోయ్!"

సరే. ఇప్పుడు నా సంగతి.

ఆర్మీకి వెళ్తానని వాడంటే ఇంట్లో పెద్ద గొడవైంది. ఉన్న ఒక్క కొడుకునీ తుపాకుల దగ్గరికి పంపనన్నాడు బాబాయి. వాడు వచ్చి నన్ను పట్టుకున్నాడు. నా నోరు మీకు తెలుసుగా.

"ఈ రోజుల్లో యుద్ధాలెక్కడున్నాయి బాబాయ్! గవర్నమెంట్ జాబ్. వాడికేమైనా అయితే నన్నడగండి. నాదీ పూచీ."

వంటింటి గుమ్మంలో నిలబడి పిన్ని నా మొహంలోకి చూసింది.

"నీ మాట మీద పంపుతున్నానే" అంది.

ఆ మాట నిన్నటి నుంచీ నన్ను తినేస్తోంది.

ఈ పొద్దున్న ఊరు చేరాను. గేటు దగ్గర నిలబడిపోయాను. లోపలికి ఎలా వెళ్ళను? ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? బాబాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కూడా చూడనట్టే ఉన్నాడు.

లోపల ఫోన్ మోగింది. పిన్ని గుమ్మంలోకి వచ్చింది.

"హిందీలో ఏదో చెప్తున్నాడే. నువ్వు మాట్లాడు."

వాడి హవల్దారు. పెద్దాయన గొంతు.

కొండ మీద నిట్టనిలువు బండ. సగంలో చిన్న అంచు. దెబ్బలు తగిలి ఇద్దరు జవాన్లు అక్కడ చిక్కుకుపోయారు. భుజాన వేసుకుని దిగే దారి లేదు. చీకటి పడేదాకా ఆగుదామన్నారట అందరూ. అప్పటిదాకా వాళ్ళు బతకరని మావాడు తాడు తీసుకుని ఒక్కడే ఎక్కాడట. తాడుని రాతికి ఒక చుట్టు తిప్పి ఒకణ్ణి దింపాడు. బండకి ఎక్కడా కొట్టుకోలేదట ఆ అబ్బాయి. తర్వాత రెండోవాణ్ణి. అప్పటికే అవతల నుంచి కాల్పులు మొదలయ్యాయి.

"దింపే ముందు ప్రతిసారీ మీ భాషలో ఏదో అరిచాడు బేటీ. చూస్కోండోయ్ అని. అంటే ఏంటి?" అని అడిగారు ఆయన.

"కిందున్నవాళ్ళు జాగ్రత్త అని సార్" అన్నాను. తూటాలు వస్తుంటే కూడా కిందున్నవాళ్ళని 'అండి' అన్నాడు, మా వెధవ!

మూడోసారి వాడు దిగాలి.

దిగలేదు.

పిన్ని నా పక్కనే నిలబడి ఉంది. ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పేశాను. చెప్తూ దెబ్బ కోసం ఎదురుచూశాను. నువ్వే కదే పూచీ అన్నావు అంటుందని. అననీ. తిట్టనీ. చెంప మీద కొట్టినా నాకు కొంచెం తెరిపిగా ఉండేది.

"ఆ పిల్లలిద్దరూ బతికారా?" అంది.

"బతికారు పిన్నీ. హాస్పిటల్లో ఉన్నారట."

"ఇద్దరూనా?"

"ఇద్దరూ."

కొంగుతో మొహం తుడుచుకుంది. నా చేతిలో ఫోన్ వైపు చూపించింది.

"వాళ్ళ అమ్మలకి ఫోన్ చేశారో లేదో కనుక్కో. చేయకపోతే, ముందు బతికున్నాడని చెప్పి ఆ తర్వాతే దెబ్బల సంగతి చెప్పమను. ఆర్మీ నుంచి ఫోనంటే వాళ్ళ గుండె ఆగిపోద్దే."

హిందీలో ఆ మాట చెప్పాను. "అలాగే చెప్తాను బేటీ, నేనే కనుక్కుంటాను" అన్నారు హవల్దారు గారు.

రేపు వాణ్ణి రాజమండ్రి దాకా తీసుకొస్తారట. రావాలనుకున్నవాళ్ళు నాకు చెప్పండి. దయచేసి పిన్నికి ఫోన్ చేయకండి.

ఒరేయ్ సత్తిబాబూ, నీకు అక్కనని చెప్పుకోవడానికి నేనింకా చాలా ఎదగాలి.

ఎక్కడున్నా హాయిగా ఉండరా తమ్ముడూ. నీకు శాంతి దొరకాలి. మీ అమ్మకి కూడా.