వలదారంతో కుట్టిన సీరియల్

నా చిన్నప్పుడు నన్ను బడి మాన్పించిన రోజున మా ఇంట్లో ఎవరూ దాన్నొక విషయంగా అనుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ అనుకోలేదు. నాలుగో తరగతి సగంలో ఉండగా తమ్ముడు పుట్టాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మడానికి ఊళ్ళోకి వెళ్ళాలి, నాన్న వేటకి వెళ్ళాలి, చంటాణ్ణి ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. ఆ ఎవరో ఒకరు నేను. పలకని అటక మీద పడేసి తమ్ముణ్ణి చంకనేసుకున్నాను. లెక్కల మాస్టారి బెత్తం తప్పిందని సంబరపడ్డాను కూడా, బుద్ధి లేనిదాన్ని.

యానాంలో మా ఇళ్ళు గోదారి గట్టుకి దగ్గర. ఇంటిముందు ఇసకలో తాటాకు చాపలు పరిచి వాటి మీద చేపలు ఎండబెట్టేవాళ్ళం. మధ్యాహ్నం తమ్ముడు పడుకున్నాక ఆ చేపలకి కాపలా కాయడం నా ఉద్యోగం. చేతిలో పొడుగాటి కర్ర, ఎదురుగా ఎంత తోలినా సిగ్గులేకుండా తిరిగొచ్చే కాకులు. అలా ఓ ఏడాది గడిచింది. ఒకరోజు గోడ మీద సినిమా పోస్టరు కనిపిస్తే పేరు చదవబోయాను. మధ్యలో ఒక అక్షరం ఏమిటో ఎంతకీ తట్టలేదు. బడిలో ఉండగా దాన్ని వందసార్లు దిద్దినదాన్నే. గుర్తొస్తుందిలే అనుకుని ఇంటికొచ్చేశాను.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. మా ఇళ్ళ వరసలో పదో తరగతి దాకా వెళ్ళిన ఆడపిల్ల ఆవిడొక్కతే. ఎప్పుడో కీళ్ళజ్వరం వచ్చి అది గుండెకి పట్టిందట. సరిగ్గా పరీక్షల ముందు మంచం పట్టింది. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, మద్రాసు వెళ్ళి ఆపరేషన్ చేయించాలన్నారు. మద్రాసు మాట వాళ్ళింట్లో రెండోసారి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళ నాన్నని నేను మావయ్యా అని పిలిచేదాన్ని. ఆయన అక్కని ఇంటికి తెచ్చి, గాలాడుతుందని వసారాలో నులకమంచం వేశాడు. ఆ వసారాకీ మా చేపల చాపలకీ మధ్య కంచె కూడా ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం అక్క నన్ను కేకేసింది. "ఒసేయ్, ఆ కాకుల్ని అక్కణ్ణించి తోలే బదులు ఇక్కడ నా పక్కన కూచుని తోలొచ్చు కదే" అంది. సరే అని వెళ్ళి కూర్చున్నాను. దిండు కింద నుంచి ఒక లావుపాటి పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. తన కళ్ళు మండుతున్నాయట, అక్షరాలు అలికేసినట్టు కనబడుతున్నాయట, నేను చదివి వినిపించాలట. నాకు రాదన్నాను. "వచ్చినంతే చదువు. నేనేమైనా పరీక్ష పెడుతున్నానా?" అంది.

ఆ పుస్తకం గురించి చెప్పాలి. అది కొన్న పుస్తకం కాదు. ఆ రోజుల్లో వారపత్రికల్లో సీరియల్ నవలలు వచ్చేవి. ఆడవాళ్ళు ఆ పేజీలు చింపి దాచుకుని, అన్నీ కలిపి బైండు చేయించుకునేవాళ్ళు. అక్క కోసం కాకినాడలో వాళ్ళ పిన్ని పాత పత్రికల్లోంచి అలా ఒక సీరియల్ పేజీలు చింపి పంపింది. ఊళ్ళో బైండింగ్ చేసేవాడి దగ్గరికి వెళ్ళడం ఎందుకని మావయ్య తనే కూర్చుని, వలదారంతో, వలకి వేసే ముడులు వేసి కుట్టేశాడు. ఆ ముడి పడిందంటే ఇక కత్తి పెట్టాల్సిందే. అంతా బాగానే ఉంది కానీ మావయ్యకి చదవడం రాదు. ఏ వారం ముందో ఏ వారం వెనకో బొమ్మలు చూసి తేల్చుకున్నాడు. బొమ్మలో అమ్మాయి పరికిణీలో ఉంటే ముందు, ఓణీలో ఉంటే ఆ తర్వాత, చీరలో ఉంటే చివర! పాపం, ఆయన తెలివికి ఆయన మురిసిపోయాడు. కానీ ఆ కథలో అమ్మాయి ఎక్కడ కూర్చున్నా మాటిమాటికీ చిన్నతనం తలుచుకుంటూ ఉంటుంది. దాంతో కథంతా తలకిందులైంది. విప్పి మళ్ళీ కుడతానని మావయ్య అంటే అక్క ఒప్పుకోలేదట. "నాన్నా, నువ్వు కుట్టిన కుట్టు, ముట్టుకుంటే ఊరుకోను" అందట.

ఇల్లొదిలి వెళ్ళిపోయిన తండ్రిని వెతుక్కుంటూ ఒకమ్మాయి ఊరూరా తిరిగే కథ అది. మొదటిరోజు ఒక పేజీ చదవడానికి నాకు రెండు మూడు గంటలు పట్టింది. గుణింతాలు గొంతుకి అడ్డం పడ్డాయి. ఒత్తులొస్తే చెమటలు పట్టాయి. నేను తడబడుతుంటే కాకులు రెండు మట్టగిడసలు ఎత్తుకుపోయాయి, సాయంత్రం అమ్మ వీపు మీద ఒకటిచ్చింది. మర్నాడు రానని చెప్పాను. అక్క బతిమాలింది. చివరికి ఒక ఒప్పందం చేసింది. రోజూ రెండు పేజీలు. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. విసుగొచ్చినా రెండు పేజీలు చదవాల్సిందే, మాంఛి పట్టులో ఉన్నా రెండు పేజీలకి ఆపాల్సిందే. అబ్బ, ఆ ఆపడం మాత్రం నా ప్రాణం తీసేది. అమ్మాయి తలుపు తట్టింది, లోపల్నుంచి ఎవరో దగ్గారు, అంతే, పుస్తకం దిండు కిందికి వెళ్ళిపోయేది.

ఒక వారం భాగం అయిపోగానే తర్వాతి పేజీలో వేరే ఏదో ఉండేది. అప్పుడు అక్క కళ్ళు మూసుకునే చెప్పేది, ఇప్పుడు వెనక్కి తిప్పు, బావి బొమ్మ ఉన్న చోటికి వెళ్ళు అని. వెళ్తే సరిగ్గా కథ అక్కడ అందుకునేది. ఆవిడకి ఎలా తెలుస్తోందా అని నాకు ఒక్కనాడూ అనుమానం రాలేదు. పెద్ద చదువు చదివినవాళ్ళకి తెలుస్తుందిలే అనుకున్నాను.

వానాకాలం వెళ్ళేసరికి నేను రెండు పేజీలు అరగంటలో చదివేస్తున్నాను. ఒక రోజు తమ్ముడికి జ్వరం వచ్చి, వాణ్ణి భుజాన వేసుకుని నిలబడే చదివాను. గోదారి పొంగి ఇంటిముందు ఇసక తడిసి చేపలు ఎండబెట్టని రోజుల్లో కూడా, తోలడానికి ఒక్క కాకి లేకపోయినా, ఆ వేళకి కాళ్ళు వాటంతటవే వసారాలోకి వెళ్ళిపోయేవి.

అక్క మాత్రం తరిగిపోతూ వచ్చింది. కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరాడక మూడు దిళ్ళు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. అగ్రహారం నుంచి ఒక కాంపౌండరు వచ్చి ఇంజక్షన్ చేసి వెళ్ళేవాడు. ఒకరోజు ఆయన సైకిలెక్కుతూ మావయ్యతో మెల్లగా అన్న మాట నా చెవిన పడింది. "ఈ అమావాస్య దాటితే గొప్పేనండీ. మనసు గట్టి చేసుకోండి." మావయ్య ఆయన సైకిలు హాండిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వదిలితే ఆ మాట నిజమైపోతుందనుకున్నాడో ఏమో.

నాకప్పుడు ఒక్కటే దిగులు పట్టుకుంది. అమావాస్యకి పది రోజులు కూడా లేవు. ఇంకా చదవని పేజీలన్నీ కలిపి చూస్తే బొటనవేలంత మందం. ఆ అమ్మాయికి తండ్రి దొరికాడో లేదో వినకుండానే అక్క వెళ్ళిపోతుంది! ఎక్కువ చదువుతానంటే ఒప్పుకోదు. అందుకని నేనే ఒక తెలివి ఉపయోగించాను. పేజీ పైన నాలుగు వాక్యాలు చదవడం, మధ్యలో మింగేయడం, కింద రెండు వాక్యాలు చదివి తిప్పేయడం. అలా రోజుకి ఏడెనిమిది పేజీలు లాగించాను. అక్క కళ్ళు మూసుకుని వింటోంది. గండం గట్టెక్కినట్టే అనుకున్నాను.

మూడోరోజు కళ్ళు తెరిచింది. "వంతెన మీద ముసలావిడ కనబడాలే. ఆవిణ్ణేం చేశావ్?" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఎవరూ అనకూడని మాట ఆవిడ మొహం మీదే అనేశాను. "నువ్వు చచ్చిపోతావంట కదక్కా. చివర ఏమైందో నీకు తెలీదు కదా."

అక్క నా కేసి కాక, ఎండలో ఉన్న చేపల కేసి చూసింది. తను పోతుందన్న మాట అప్పటిదాకా ఆవిడకి ఎవరూ చెప్పలేదని నాకు తర్వాత తెలిసింది. ఆ పాపం నాది. కాసేపటికి ఆవిడే చెయ్యి చాపి నా ముక్కు తుడిచింది. "నీ దుంపతెగ. పోతే పోతానులేవే. చివరతో నాకేం పని? నువ్వు పేజీలు ఎగ్గొట్టకు. వెనక్కి తిప్పు, ముసలావిడ దగ్గర్నించి చదువు" అంది. ఊపిరి అందక మూడుసార్లు ఆగి చెప్పింది ఆ మాటలు. నేను వెనక్కి తిప్పి చదివాను.

అమావాస్య దాటింది. ఇంకో నాలుగు రోజులు ఉంది అక్క. చివరి రోజు మాట లేదు. చదవనా అనడిగితే వేలు కదిపింది. రెండు పేజీలు చదివి పుస్తకం దిండు కింద పెట్టాను. విందో లేదో నాకు తెలియదు. తెల్లారేసరికి అక్క వాళ్ళమ్మ ఏడుపు వినబడింది.

పదకొండో రోజు వెళ్ళాక అత్త, అంటే అక్క వాళ్ళమ్మ, ఆ పుస్తకం తెచ్చి నాకిచ్చింది. అక్క ఇమ్మని చెప్పిందట. పాపం అక్క కథంతా వినలేదని నేను ఏడుస్తుంటే ఆవిడ ఆశ్చర్యపోయింది. "అది వినకపోవడమేంటే పిచ్చిమొహమా! దానికి కళ్ళకేం రోగం? మంచం పట్టిన కొత్తలోనే మూడుసార్లు చదివేసింది దాన్ని. నిన్ను బడి మాన్పించారు, ఇలా వదిలేస్తే ఉన్న నాలుగు అక్షరాలూ పోతాయని దాని బాధ. రోజూ రెండు పేజీలు చదివితే అలవాటు పడిపోద్దమ్మా, దానికి అలవాటయ్యేదాకా నేనుంటే చాలు, అనేది" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను ఇంటికొచ్చి మిగిలిన పేజీలు, ముందూ వెనకా నేనే వెతుక్కుంటూ, రోజుకి రెండు చొప్పున చదివాను. చివరికి వచ్చేసరికి కథ అయిపోలేదు. ఆఖరి వారాలవి కాకినాడ పిన్నికి దొరకలేదట. ఆ అమ్మాయికి తండ్రి దొరికాడో లేదో అక్కకి మొదట్నుంచీ తెలియదు. నాకూ తెలియదు.

ఇలాంటివి చెప్పినప్పుడు, ఆ తర్వాత నేను చదువుకుని పెద్ద ఉద్యోగం చేశానని ముగిస్తారు. నేను మళ్ళీ బడి మొహం చూడలేదు. పదహారేళ్ళకి యానాంలోనే మెట్టకూరు కోడలినయ్యాను. దొరికిందల్లా చదివాను, వారపత్రికలు, లైబ్రరీ పుస్తకాలు, చిరిగిపోయిన పంచాంగాలు. "చదివి ఏం ఉద్ధరించావ్" అని మా అత్తగారు అడుగుతూనే ఉండేది. యానాంలో మందు చవకని తాగడానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. మా ఆయనకి అంత దూరం నడిచే శ్రమ కూడా ఉండేది కాదు. ఆయన కాలేయం చెడి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు, కాగితాల మీద తెలుగులో రాసిన నాలుగు ముక్కలు వార్డులో మిగతా ఆడవాళ్ళెవరికీ అర్థం కాలేదు, నాకు అయ్యాయి. ఆయన ఇంటికి రాడని అందరికన్నా ముందు తెలిసింది నాకే. చదువు వల్ల నాకొచ్చిన పెద్ద లాభం అదేనేమో అని చాలా ఏళ్ళు అనుకున్నాను.

అయినా అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆయన పోయిన ఏడాది, రోజులో మిగతా వేళల్లో నేను మనిషిని కాను. ఆ రెండు పేజీలసేపు మాత్రం ఇంకెవరి బాధో నా బాధని పక్కకి జరిపేది. పుస్తకం మూయగానే మళ్ళీ వచ్చి కూర్చునేది, అది వేరే సంగతి. బతుకు బాగుపడుతుందని చదవమంటే నేను ఒప్పుకోను. నాది బాగుపడలేదు. రోజుకి ఒక అరగంట ఊపిరి తీసుకోనిచ్చింది, అంతవరకే చెప్పగలను.

ఇప్పుడు ఆ అరగంట కూడా పోతోంది. నీటికాసులట. కాకినాడ కళ్ళ డాక్టరు పోయిన చూపు రాదని, ఉన్నది కొన్నాళ్ళు ఆపడానికి చుక్కలు వేసుకోమని చెప్పింది. అక్షరాలు అంచుల నుంచి మాయమవుతున్నాయి. మనవరాలు ఫోన్లో ఏదో నవల పెట్టింది, ఎవరో చక్కగా చదువుతున్నారు. విన్నాను, బాగానే ఉంది. కానీ మధ్యాహ్నం మూడయ్యేసరికి చెయ్యి పుస్తకం కోసం తడుముకుంటుంది. నిన్న భూతద్దం పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చుంటే ఒక్క పేజీ అయింది. ఇవాళ అది కూడా కాలేదు.

నాకు అలవాటయ్యేదాకా ఉంటే చాలనుకుంది అక్క. అలవాటైతే అయింది, యాభై ఏళ్ళు దాటింది. దాన్ని ఎలా మానుకోవాలో చెప్పేవాళ్ళే ఎవరూ లేరు.