దారిలో కూర్చోవడానికి చోట్లున్నాయి

మా వదినతో కలిసి నడవాలంటే నాకు తల ప్రాణం తోకకొస్తుంది. నేను టాక్సీ నడిపేవాణ్ణి. నాకు దారంటే ఎక్కిన చోటు, దిగిన చోటు, మధ్యలో సిగ్నళ్ళు, అంతే. ఆవిడకు అలా కాదు. పావుగంట నడకను గంట చేస్తుంది. మెట్టు ఎత్తు చూస్తుంది, దుకాణాల బోర్డులు చదువుతుంది, వానొస్తే నిలబడటానికి చూరుందా అని తల పైకెత్తి, ఎదురుగా వచ్చే సైకిలును మాత్రం చూసుకోదు. ఆవిడ ఉద్యోగం అలాంటిది మరి.

మా ఊళ్ళో వాలు మీద ఒక పెద్ద సభాభవనం ఉంది. దేశదేశాల నుంచి చదువుకున్నవాళ్ళు అక్కడ సభలు పెట్టుకోవడానికి వస్తుంటారు. వాళ్ళు బయల్దేరే ముందే ఆఫీసు నుంచి కొన్ని పేజీలు వెళ్తాయి. విమానం దిగాక ఏ బస్సెక్కాలి, కుళాయి నీళ్ళు తాగొచ్చా, వాళ్ళ చార్జరు మన ప్లగ్గులో పడుతుందా, గొడుగు తెచ్చుకోవాలా అక్కర్లేదా, ఇలాంటివన్నీ. ఆ పేజీలు రాసేది మా వదిన. అన్నయ్య పోయాక ఆ ఆఫీసులో చేరి, అప్పటి నుంచి కాలికి బలపం కట్టుకుని తిరుగుతోంది.

తన కాళ్ళతో నడిచి చూడనిది ఆవిడ రాయదు. వట్టి చేతుల్తో నడిస్తే లెక్కలోకి రాదట. అందుకని ఒక పాత సూట్‌కేసు నిండా పత్రికలు కుక్కి, దాన్ని లాక్కుంటూ నడుస్తుంది. విమానాశ్రయంలో ఆడవాళ్ళ బాత్రూములోకి సూట్‌కేసుతో సహా వెళ్ళి తలుపు మూసుకుంటుందా లేదా అని చూసొచ్చిన మనిషి. మూసుకోదట. ఆ ముక్క కూడా రాసింది.

మా ఇద్దరికీ పేచీ ఒక్కటే, బస్సు గురించి. "బస్సు సుఖంగా ఉంటుంది, టాక్సీ అక్కర్లేదు అని రాస్తావా వదినా? ఇంట్లో మరిది టాక్సీ నడుపుతున్నాడన్న జ్ఞానం లేదా? సొంతవాళ్ళ పొట్టే కొడతావా?" అని అడిగితే ఆవిడ చల్లగా, "నిజమేగా అబ్బాయ్. బరువులుంటే టాక్సీ మంచిదని కూడా రాశాలే. ముందు అన్నం తిను" అంటుంది. ఇంక ఆవిడతో ఏం పోట్లాడతాం?

ఈసారి వచ్చేది పక్షుల మీద పరిశోధన చేసేవాళ్ళ సభ. పేజీలు వెళ్ళిన కొద్దిరోజులకే ఒక పెద్దావిడ నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. కంప్యూటర్లో వచ్చేవాటిని మా వదిన ఉత్తరాలనే అంటుంది. అన్నం వడ్డిస్తూ నాకు చదివి చెప్పేది. ఆ పెద్దావిడ భర్త ఏదో చిన్న పిట్ట గురించి జీవితమంతా పరిశోధన చేశాడట. చివరి వ్యాసం మంచంలో ఉండి చెప్తుంటే ఈవిడే రాసింది. అది పూర్తయ్యాక ఆయన ఎంతో కాలం లేడు. ఆ వ్యాసాన్ని ఆయన శిష్యుడొకడు ఈ సభలో చదవబోతున్నాడు. "ఆయన ఆగి ఆగి, ఆయాసపడుతూ చెప్తుంటే విన్నాను. నలుగురి మధ్య ఒక మంచి గొంతు ఆపకుండా చదువుతుంటే ఒక్కసారి వినాలని ఉంది" అని రాసిందావిడ. ఆవిడ గుండె బలహీనం. ప్రయాణాలు వద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. నడవగలదట గాని మధ్యమధ్యలో కూర్చోవాలట. అందుకని ఆవిడ అడిగింది ఒక్కటే. కారు దిగిన చోటు నుంచి సభాభవనం దాకా దారిలో కూర్చోవడానికి ఏమైనా ఉందా?

డ్రైనేజీ పనుల కోసం ఆ వీధి మొత్తం తవ్వేశారు. కారు మలుపు దగ్గరే ఆగిపోవాలి. అక్కణ్ణుంచి గుంతల మీద వేసిన చెక్కల మీదుగా, దుకాణాల పక్కగా, వాలెక్కి నడవాల్సిందే. చక్రాల కుర్చీ ఆ చెక్కల మీద పోదు. అది కూడా వదిన ముందే తోసి చూసింది.

వదిన జవాబు రాసేసింది. దారిలో కూర్చోవడానికి చోట్లున్నాయి, నిదానంగా రావచ్చు, అని. పెద్దావిడ టిక్కెట్టు కొనుక్కుంది.

సభకు వారం ఉందనగా, "అబ్బాయ్, ఒకసారి నువ్వు ఆ ముసలావిడవనుకుని నడిచి చూపించు" అంది వదిన. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆవిడ మాట కాదనలేక సూట్‌కేసు పట్టుకుని నడిచాను. కటింగ్ షాపు దాటాను, టైలరు షాపు దాటాను, తాళాలు చేసేవాడి బంకు, బేకరీ, ఆ తర్వాత ఖాళీ గోడ. వాలెక్కేసరికి నాకే రొప్పొచ్చింది. ఎక్కడా ఒక బెంచీ లేదు, ఒక అరుగు లేదు.

"ఏవీ వదినా నీ చోట్లు?"

"అదేమిటి, కటింగ్ షాపు ముందే ఉందిగా. టైలరు దగ్గరొకటి. బేకరీ దగ్గరైతే నీడ కూడా ఉంటుంది."

"కటింగ్ షాపు ముందు వట్టి గచ్చుంది. నా కళ్ళకేమీ రోగం రాలేదు."

నమ్మక నన్ను వెనక్కి లాక్కెళ్ళింది. ఆవిడ అలా కనిపించిందో లేదో కటింగ్ షాపతను కత్తెర పక్కన పడేసి, లోపల్నుంచి కుర్చీ ఎత్తుకొచ్చి గచ్చు మీద వేశాడు. "కూర్చో అక్కా, ఎండన పడొచ్చావు" అన్నాడు. అవతల టైలరు కూడా స్టూలు పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. "ఆ కుర్చీకి కాలొకటి పొట్టి, ఇలా రా అక్కా" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఎన్నాళ్ళ నుంచో ఆ వీధిన సూట్‌కేసు లాక్కుంటూ తిరుగుతోంది కదా, ఈవిడ కనబడితే చాలు ఎవరో ఒకరు కుర్చీ వేస్తారు. వేసిన కుర్చీలు వీధిలోనే ఉంటాయనుకుని రాసేసింది మా మహాతల్లి. నవ్వుతూ ఇటు తిరిగి చూస్తే, వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నా మాట నమ్మి వస్తోందిరా ఆవిడ" అంది.

ఇంటికెళ్ళాక నేను కోప్పడ్డాను. "పొరపాటైందని రాసేయ్. రావద్దని చెప్పు. ఆ మనిషి దారిలో కూలబడితే ఎవరు జవాబుదారీ? నీ ఉద్యోగం సంగతేంటి?" అన్నాను.

"రావద్దంటే ఆగిపోతుంది. ఆయన మాటలు వినడానికి ఆవిడకు ఇంకో సభ దొరుకుతుందా?"

"పోనీ నేను ఎత్తుకుని తీసుకెళ్తాను."

"సంచీ అనుకున్నావా ఎత్తుకెళ్ళడానికి? తన కాళ్ళ మీద వస్తానంటోంది. రానిద్దాం. నేను రాసింది నిజం చేస్తే సరిపోతుంది."

మర్నాటి నుంచి వీధివాళ్ళ కాళ్ళావేళ్ళా పడింది. ఆ రోజు పొద్దున్నే కుర్చీలు బయట వెయ్యండి, మీ బేరాలు పోకుండా నేను చూసుకుంటాను, అని. అందరూ సరేనన్నారు, ఒక్క తాళాలవాడు తప్ప. వాడి మాటెప్పుడూ పెడసరమే. "నాకున్నదొక్క స్టూలు. అది ఇచ్చేస్తే నేను గాల్లో కూర్చుని తాళాలు చెయ్యాలా?" అన్నాడు. వదిన నొచ్చుకోలేదు. నేనే వాణ్ణి నాలుగు తిట్టాను, నా టాక్సీ తాళం వాడే చేసిచ్చాడని తెలిసి కూడా.

వీధిలోంచి ఇంటికి బయల్దేరేటప్పుడు వదిన అందరికీ మరీ మరీ చెప్పింది. "ఆవిడ పెద్ద మనిషి. చుట్టూ మూగొద్దు, తేరిపార చూడొద్దు, పిలవొద్దు. తన పాటికి తను కూర్చుంటుంది, లేస్తుంది. మనం చూడనట్టే ఉండాలి." అందరూ బుద్ధిగా తలూపారు. బేకరీ దాటాక ఉన్న గోడ దగ్గర దుకాణాల్లేవు కాబట్టి, అక్కడ సభాభవనం నుంచి కుర్చీ తెచ్చి తనే నిలబడతానంది.

ఆ రోజు పొద్దున నేనే పెద్దావిడను తీసుకొచ్చాను. బక్కపల్చటి మనిషి, బూడిదరంగు కోటు, చేతికర్ర. వదిన రాసిన కాగితాలు మడత పెట్టి చేతిలోనే పట్టుకుంది. దారి పొడుగునా కిటికీలోంచి చెట్ల మీదికి చూస్తూ కూర్చుంది. మలుపు దగ్గర దిగి, నాకు నమస్కారం లాంటిదేదో చేసి, నడక మొదలుపెట్టింది. నేను ఆవిడ సంచీ పట్టుకుని నాలుగడుగుల వెనకాల నడిచాను.

కటింగ్ షాపు ముందు కుర్చీ ఉంది. దాని మీద ఉతికిన తువ్వాలు కూడా పరిచాడు మహానుభావుడు. పెద్దావిడ ఆగింది. కుర్చీని చూసింది, లోపల వీపు తిప్పుకుని నిలబడ్డ అతణ్ణి చూసింది, మళ్ళీ నడిచింది. టైలరు స్టూలు దగ్గరా అంతే. కర్రకు ఆనుకుని రెండు ఊపిర్లు తీసుకుంది, స్టూలు వంక చూసింది, కూర్చోలేదు. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని "ప్లీజ్ సిట్ మేడమ్" అన్నాను. ఆవిడ చిన్నగా నవ్వి తల అడ్డంగా ఊపింది. ఎవరిదో కుర్చీ, ఎవరి కోసమో వేసి ఉంటారు, అని ఆవిడ చెప్పింది నాకు అర్థమైంది. మొహమాటం మన ఒక్కళ్ళ సొత్తే అనుకున్నాను నేను ఇన్నాళ్ళూ.

ఆవిడ పెదాలు పాలిపోయాయి. వాలు ఇంకా సగం కూడా కాలేదు. వదినేమో పైన గోడ మలుపులో ఉంది, ఇక్కడికి కనబడదు. రెండు వైపులా జనం చూడనట్టు నటిస్తూ నిలబడ్డారు. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళ మీద నాకు ఎప్పుడూ రానంత కోపం వచ్చింది.

అప్పుడు తాళాలవాడు బంకులోంచి లేచాడు. కూర్చున్న స్టూలు ఎత్తి, సరిగ్గా ఆవిడ ముందుకు తెచ్చి టక్కున పెట్టాడు. నూనె మరకల గుడ్డ తిరగేసి, బాగున్న వైపుతో దాన్ని తుడిచాడు.

"కూర్చోండమ్మా" అన్నాడు.

ఆవిడకు మన భాష ఒక్క ముక్క రాదు. టపీమని కూర్చుంది. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ కర్ర మీద పెట్టుకుని చాలాసేపు ఉంది. తాళాలవాడు పక్కనే నిలబడి, వీపుతో ఎండకు అడ్డం ఉండి, ఏమీ పట్టనట్టు ఒక తాళాన్ని ఆకురాయితో రాస్తున్నాడు. ఆవిడ ముఖంలోకి మెల్లగా రంగు తిరిగొచ్చింది.

అంతే, ఇంక ఆ వీధికి పట్టపగ్గాల్లేవు. "నా కుర్చీలో కూర్చోలేదే" అని కటింగ్ షాపతను తువ్వాలుతో సహా కుర్చీని ఎత్తుకుని పరుగెత్తుకొచ్చి, మాకు ముందు వేశాడు. "కూర్చోండమ్మా." టైలరు అతణ్ణి దాటి ఇంకొంచెం పైన తన స్టూలు వేశాడు. "కూర్చోండమ్మా." బేకరీ ఆవిడ నీడలో బల్ల తుడిచి పిలిచింది. పిలిచిన ప్రతిచోటా పెద్దావిడ కూర్చుంది. అవసరం లేకపోయినా కూర్చుందని నా అనుమానం. లేచిన ప్రతిసారీ వాళ్ళ ముఖంలోకి చూసి తల వంచింది.

గోడ దగ్గర వదిన కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. ఇంత ఆలస్యమైందేమిటని కంగారుపడి పడి ముఖం పీక్కుపోయింది. కిందికి వచ్చి చూద్దామంటే కుర్చీ వదిలి రావాలి, ఆ కాస్సేపట్లో ఆవిడ వచ్చేస్తే కుర్చీ దగ్గర ఎవరూ ఉండరని భయపడిందట. పెద్దావిడ వచ్చి అందులో కూర్చుంది. నేను జరిగింది గబగబా చెప్పాను. "నేనే పిలవొద్దన్నాను" అంది వదిన. పెద్దావిడ చేతిలోని కాగితాలు చూపించి, ఇవి రాసింది నువ్వేనా అన్నట్టు వేలితో అడిగింది. వదిన తలూపింది.

సభాభవనం గేటు అక్కడికి కనిపిస్తూనే ఉంది. ఇంకా వ్యవధి కూడా ఉంది. పెద్దావిడ లేచింది. ఇంక వెళ్దామని నేను సంచీ అందుకున్నాను. ఆవిడ కదల్లేదు. వదిన చెమట పట్టిన ముఖాన్ని, కుర్చీ వీపు పట్టుకునీ పట్టుకునీ ఎర్రబడ్డ చేతుల్ని చూసింది. కుర్చీని వదిన వైపు తిప్పింది. కూడబలుక్కుని, వీధి పొడుగునా నేర్చుకున్న మాట అంది.

"కూర్చోండమ్మా."

"అయ్యో, నాకెందుకండీ, మీకు టైమవుతుంది" అంటోంది వదిన మన భాషలోనే. పెద్దావిడ వదిన భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ అదే మాట అంది. వదిన కూర్చుంది. కూర్చున్న మనిషి రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. నా కళ్ళ ముందు మా అన్నయ్యను తీసుకెళ్ళిన రోజు మెదిలింది. ఇంటికొచ్చినవాళ్ళందరికీ కుర్చీలు వేసింది ఆవిడే. ఆ రోజు ఆవిడను కూర్చోమన్నది ఎవరా అని ఎంత ఆలోచించినా ఒక్క ముఖమూ గుర్తు రాలేదు.

ఏం చెయ్యాలో తెలియక నేను పక్కకెళ్ళి, గుంత తవ్వుతున్న మేస్త్రీ మీద పడి ఇంకెన్నాళ్ళు తవ్వుతావయ్యా అని అరిచాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ చేతులు పట్టుకుని గేటు దాటుతున్నారు. ఆఫీసువాళ్ళు లోపల కూర్చోకూడదని రూలుందట. పెద్దావిడ వదిన చెయ్యి వదల్లేదు. ముందు వరసలో తన పక్కనే కూర్చోబెట్టుకుని, ఆ పిట్ట గురించి ఆయన చెప్పిందంతా చివరిదాకా వింది.