మా అత్తగారి టెస్టు బోర్డు

ఈ ఉదయం కొట్టు తెరవగానే ఒకాయన గీజరు ప్లగ్గు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి నల్లబడింది. ఆ కమురు వాసన తగలగానే మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడైతే ప్లగ్గును ముక్కు దగ్గర పెట్టుకుని, "సాకెట్లో పిన్ను వదులైంది, అందుకే వేడెక్కింది" అని, వచ్చినవాళ్లు నోరు తెరిచేలోపే చెప్పేసేవారు.

నరసరావుపేటలో మాది ఎలక్ట్రికల్ సామాను కొట్టు. మామగారు పోయాక కౌంటరులో అత్తగారే కూర్చున్నారు. నేను నూజెండ్ల నుంచి కోడలిగా వచ్చేసరికి బీకాం పూర్తయింది కానీ, వోల్టులూ ఆంపియర్లూ పదో తరగతి పరీక్షతోనే మరిచిపోయాను. బేరాల్లేని ఒక మధ్యాహ్నం ఆవిడ టెస్టు బోర్డు ముందుకు లాగారు. చెక్క మీద రెండు హోల్డర్లు, ఒక స్విచ్చి, అంతే. ఒకదాంట్లో వంద వాట్ల బల్బు, రెండోదాంట్లో నలభై వాట్ల బల్బు పెట్టి, ఒకదాని గుండా రెండోదానికి కరెంటు వెళ్లేలా వరసగా కలిపారు.

"ఏది ఎక్కువ వెలుగుద్ది, చెప్పమ్మాయ్?"

"వందది."

స్విచ్చి వేశారు. నలభైది వెలిగింది! వందదానిలో తీగ కాస్త ఎర్రబడి ఊరుకుంది. నేను తెల్లబోతే ఆవిడ పకపకా నవ్వారు. "రెండిట్లో పోయే కరెంటు ఒకటేనే. నలభైదాంట్లో కరెంటుకు అడ్డం ఎక్కువ. వోల్టేజిలో ఎక్కువ భాగం దానికే పోద్ది." తర్వాత రెంటినీ పక్కపక్కన, దేనికి దానికే లైను వచ్చేలా కలిపారు. రెండూ నిండుగా వెలిగాయి. ఒకటి పీకేసినా రెండోది చెక్కుచెదరలేదు. "ఇంట్లో మనిద్దరం ఇట్టా ఉందాం. నేను అలిగి ఆరిపోయినా నీ దీపం నీదే," అన్నారు. పుట్టింటి మీద బెంగతో ఉన్న నేను ఆ కొట్టులో మనస్ఫూర్తిగా నవ్వింది ఆ రోజే మొదటిసారి.

ఆ తర్వాతి శివరాత్రికి ముందు సంగతి. మావారు సరుకు కోసం గుంటూరు వెళ్లారు. కోటప్పకొండ తిరనాళ్లకు ఏటా ఎత్తైన దీపాల ప్రభ కట్టే ఒక ఊరి నుంచి వీరయ్య బాబాయ్ వచ్చాడు. మామూలు సీరియల్ బల్బులు కాక, పక్క ఊరి ప్రభను తలదన్నేలా వెయ్యి వాట్ల హాలోజెన్ దీపాలు ఎనిమిది పెడతారట. అన్నిటికీ కలిపి ఒక్కటే సన్న వైరు చాలన్నాడు.

"చాలదు బాబాయ్," అన్నాను.

ఆయన నావైపు చూడనైనా చూడలేదు. "ఏందక్కా, కోడలు పిల్లకేం తెలుసు? మాది చానా పెద్ద జనరేటరు. ఎన్ని దీపాలైనా లాగుద్ది. నువ్వు చెప్పు."

అత్తగారికి జవాబు తెలుసు. అయినా టీ గ్లాసు అందుకుని, "ఆమెనే అడుగు వీరయ్యా," అన్నారు.

"జనరేటరు ఇస్తుంది బాబాయ్, వైరు మోయొద్దా?" అన్నా ఆయన నవ్వేశాడు. వెదురూ గుడ్డా కట్టిన ప్రభ, దాని మీద మనుషులు. ఒక్కసారి నిప్పంటుకుంటే? ఇక మాటలు కట్టిపెట్టి, ఆయనడిగిన వైరులోనే ఒక చుట్ట తీసి, దాని గుండా ఇస్త్రీపెట్టె, హీటరు రెండూ కలిపి స్విచ్చి వేశాను. కాసేపాగి, "ఇప్పుడు వైరు పట్టుకోండి," అన్నాను.

పట్టుకున్నవాడు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఓర్నాయనో!"

"ఇందులో పోయేది పది ఆంపియర్లే. మీ ఎనిమిది వేల వాట్లను వోల్టేజితో భాగిస్తే ముప్పై అయిదు దాకా వస్తుంది."

వీరయ్య బాబాయ్ వేళ్లు ఊదుకుంటూ అత్తగారి వైపు చూశాడు. ఆవిడ టీ తాగుతూనే ఉన్నారు. చివరికి ఆయన నావైపు తిరిగి, "అయితే ఏం చెయ్యమంటావమ్మా?" అన్నాడు. ఒక్కో దీపానికి విడిగా వైరు, విడిగా ఫ్యూజు కట్టించాను.

శివరాత్రి సాయంత్రం ఆ ఊరివాళ్ల ట్రాక్టరులోనే అత్తాకోడళ్లం కొండకు వెళ్లాం. జనం మధ్య ప్రభ ఊగుతూ కదిలింది. ఎక్కడో మోకు కింద వైరు నలిగి ఒక దీపం ఠప్పున ఆరిపోయింది. మిగతావి మాత్రం అలాగే వెలుగుతున్నాయి. వీరయ్య బాబాయ్ పరుగెత్తుకొచ్చి, పందెం గెలిచినవాడిలా కేకేశాడు. "ఒక్కటే పోయిందక్కా! ఏడూ ఎలుగుతున్నయ్!"

"నాకు చెబుతావేంది? ఆమెకు చెప్పు," అన్నారు అత్తగారు.

ఆవిడ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు మా కౌంటరులో ఐటీఐ చదివిన రమీజా కూర్చుంటుంది. ఆ పిల్లను దాటి నన్ను అడిగేవాళ్లు రోజూ ఉంటారు. "ఆమెనే అడగండి," అని పక్కకు జరుగుతాను. రమీజా గొంతు సవరించుకుంటుంది, మాట తడబడుతుంది, వెతుక్కుంటుంది. జవాబు నా నాలుక చివరే ఉంటుంది. తెలిసి కూడా నోరు మెదపకుండా ఉండటం ఎంత కష్టమో, ఆ రోజు అత్తగారు ఆ టీని అంత నిదానంగా ఎందుకు తాగారో అప్పుడు తెలుస్తుంది.